మీరెవరో మీకు తెలుసు, బాబాయిగారూ

2025 జనవరి 20న తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల పిల్లలకు పుట్టుకతో వచ్చే పౌరసత్వం ఉండదంటూ అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చేనాటికి నాకు ఏడో నెల. మాది హెచ్1బీ బతుకు, అంటే తాత్కాలిక ఉద్యోగ వీసా. ఫిబ్రవరి 19 తర్వాత పుట్టే బిడ్డ సంగతేమిటని ఇంట్లో రోజూ లెక్కలే. ఒక రాత్రి మీకు "నిద్ర పట్టడం లేదు" అని మాత్రమే రాశాను. మీరు కారణం అడగలేదు. "ఈ చరణంలో బాలుగారు ఊపిరి ఎక్కడ తీసుకున్నారో కనిపెట్టమ్మా" అంటూ పాట ముక్క పంపారు. మూడుసార్లు విన్నా దొరకలేదు. నాలుగోసారికి నిద్రపోయాను.

అలా రోజుకొకటి. మూడు రోజులకే సియాటిల్ న్యాయస్థానం ఆ ఉత్తర్వును తాత్కాలికంగా ఆపింది, మీరు ఆపలేదు. మీరే పాడి పంపిన పల్లవిలో కుక్కర్ కూత కూడా పడింది, నాకు అదే ఎక్కువ ఇష్టం.

పాప ఏప్రిల్‌లో పుట్టింది. మీ పేరు రాయవద్దన్నారు, రాయను. నమస్కారాలు. ఆ ఊపిరి ఇంకా దొరకలేదు. చెప్పేయకండి.