చలి వచ్చేలోపు ఏది తెములుతుందో

ఏమే,

నీ ఉత్తరం అందింది. "ఒకటి పూర్తిచేసి ఇంకొకటి మొదలుపెట్టొచ్చు కదే, ఎందుకీ గందరగోళం?" అని అడిగావు చూడు, ఆ ముక్క దగ్గర గట్టిగా నవ్వేశాను. మా ఇంట్లో వాళ్ళూ ఇదే పాట పాడుతున్నారు. నీకు మాత్రం కాస్త వివరంగా చెప్పాలనిపించి తీరుబడిగా కూర్చున్నాను. ఓపిక తెచ్చుకుని చదువు.

ముందు లెక్క చెప్తాను. అల్లిక సూదుల మీద మూడున్నాయి: ఒక జత సాక్సులు, మేనల్లుడి స్వెట్టర్, ఒక లేస్ శాలువా. రాట్నం మీద నా కార్డిగన్ కోసం ముదురు గోధుమరంగు ఊలు నడుస్తోంది. అది చాలదన్నట్టు తకిలీ మీద పట్టు కలిపిన మెరినో గొర్రె ఊలు కొంచెం. పొద్దు తొందరగా గుంకుతోంది, సాయంత్రాలు చల్లబడ్డాయి, అల్మారాలోని ఊలంతా ఒక్కసారి నన్నే చూస్తున్నట్టుంది. శరదృతువు వచ్చిందంటే మనలాంటి వాళ్ళకి ఇదే టెన్షన్.

అయితే ఇవన్నీ కలిపి ఒకే పని అనుకోకు. ఒక్కొక్కటి ఒక్కో రకం బుర్ర అడుగుతుంది. సాక్సు కాలు ఉందనుకో, 64 కుట్లు, 2.25 మిల్లీమీటర్ల సూదులు, గుండ్రంగా తిరుగుతూ పోవడమే. కళ్ళు ఎక్కడున్నా చేతులు వాటి పని అవి చేసుకుంటాయి. ఫోన్లో మాట్లాడుతూ, రైల్లో కూర్చుని, ఎవరికోసమో ఎదురుచూస్తూ కూడా అల్లుకోవచ్చు. శాలువా అలా కాదు. చార్టు ముందు పెట్టుకుని, ఒక్కో వరసా గీత గీసుకుంటూ వెళ్ళాలి. మధ్యలో ఎవరైనా "కాఫీ తాగుతావా?" అన్నారంటే లెక్క గోవిందా. అందుకే దాన్ని పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందు తీస్తాను. ప్రతి డిజైన్ ముగిసిన చోట కుట్లన్నిటిలోంచి ఒక సన్నటి దారం దూర్చి వదిలేస్తాను కూడా. ఎప్పుడైనా విప్పాల్సివస్తే ఆ దారం దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి మళ్ళీ సూది ఎక్కించుకోవచ్చు. అలసిపోయిన రాత్రి శాలువా ముట్టుకున్నానంటే, మర్నాడు విప్పుకోవడమే సరిపోతుంది. ఒకటే పట్టుకుని కూర్చోమంటే, ఆ రాత్రులన్నీ నేనేం చెయ్యాలి చెప్పు? గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోనా?

మేనల్లుడి స్వెట్టర్‌కి మాత్రం గడువుంది, చలి ముదరకముందే వాడి ఒంటి మీద ఉండాలి. అందుకే దానికి నా చేతి నూలు వాడలేదు, మిల్లు ఊలే తెచ్చాను. పైగా మిషన్లో వేసినా ముద్దకట్టని రకం. మామూలు ఊలు పోగు మీద పొలుసులుంటాయి కదా, వేడినీళ్ళూ రాపిడీ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుని గుడ్డ కుంచించుకుపోతుంది. ఈ రకంలో ఆ పొలుసుల్ని ముందే అరగదీసి, పైన సన్నటి పూత వేస్తారు. వాళ్ళమ్మ ఏ బట్టైనా చూడకుండా మిషన్లో పడేస్తుందని తెలిసే కొన్నాను. దీనితో ఒక చిక్కుంది, తడిస్తే సాగుతుంది. శాంపిల్ ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టాకే కొలవాలి. "అబ్బా, శాంపిల్ ఎవరల్లుతారే" అని నువ్వు ఎప్పుడూ విసుక్కుంటావు కదా, ఒక్క లెక్క చూడు. 10 సెంటీమీటర్లకి 22 కుట్లు రావాలని చెప్పిన డిజైన్లో 100 సెంటీమీటర్ల ఛాతీకి 220 కుట్లు వేస్తాం. నీ చేతికి 22 బదులు 20 వచ్చాయనుకో, అదే స్వెట్టర్ 110 సెంటీమీటర్లవుతుంది. రెండంటే రెండు కుట్ల తేడాకి! వీడి స్వెట్టర్ మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుతున్నాను. పిల్లలు ఎప్పుడు పొడుగవుతారో తెలీదు కాబట్టి, వచ్చే ఏడాది అంచు విప్పి ఇంకొంచెం కలపొచ్చు. చేతులకీ అంతే.

ఇక రాట్నం సంగతి. నువ్వు అడిగినా అడక్కపోయినా దీని గురించి చెప్పకుండా వదలను. గొర్రె మీద నుంచి తీసిన బొచ్చు అలాగే కొన్నాను, మైనం, మట్టి, గడ్డిపరకలతో సహా. కడగడం ఎండలు గట్టిగా ఉండగానే ముగించేశాను. ఎందుకంటే చల్లబడ్డాక ఆ బొచ్చు ఆరదు, వాసన పట్టుకుంటుంది. నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి, లేకపోతే ఆ జిడ్డు వదలదు. వదిలిన జిడ్డు కూడా నీళ్ళు చల్లారితే మళ్ళీ పోగుకే అంటుకుంటుంది, అందుకని వేడిగా ఉండగానే తీసెయ్యాలి. అలాగని కలియబెట్టకూడదు, పిండకూడదు, వేడి నుంచి ఒక్కసారిగా చన్నీళ్ళలో వెయ్యకూడదు. ముంచి, వదిలేసి, నెమ్మదిగా తియ్యడమే. మన ఓపికకి అదో పరీక్ష.

ఆరాక ముళ్ళపలకలతో దువ్వి ఏకులు చుట్టుకున్నాను. ఏకుల్లో పోగులు అడ్డదిడ్డంగా ఉంటాయి, మధ్యలో గాలి నిలుస్తుంది, అందుకే వాటితో వడికిన నూలు తేలిగ్గా ఉన్నా వెచ్చగా ఉంటుంది. దువ్వెనతో పోగులన్నీ ఒకే వరసలో పెట్టి వడికితే నున్నగా, గట్టిగా వస్తుంది కానీ అంత వెచ్చదనం ఉండదు. కార్డిగన్‌కి నాకు వెచ్చదనమే కావాలి.

వడుకుతున్నప్పుడు ఒక్క జానెడు దారాన్ని దగ్గర నుంచి చూస్తే చాలు, ఎంతసేపైనా పొద్దుపోతుంది. పురి ఎప్పుడూ సన్నగా ఉన్న చోటికే పరిగెడుతుంది. లావుగా ఉన్న చోట అసలు పురే ఎక్కదు, మెత్తగా ఉబ్బి ఉండిపోతుంది. అక్కడ దారాన్ని రెండు వైపులా పట్టుకుని, కొద్దిగా పురి విప్పి మెల్లిగా లాగితే ఆ ఉబ్బు జారి సన్నబడుతుంది, వెంటనే పురి వచ్చి పట్టేస్తుంది. వేళ్ళ మధ్య పోగులు కదలడం తెలుస్తుంది. ఈ ముచ్చట మిల్లు ఊలు కొన్నవాళ్ళకి ఎక్కడిది?

ఇప్పుడు దీని లెక్క విను. నా కార్డిగన్‌కి రెండు పేటల నూలు సుమారు 1,200 మీటర్లు కావాలి. అంటే ఒంటిపోగు దానికి రెట్టింపు. పేటలు కలిపి తిప్పేటప్పుడు పొడవు కొంత తగ్గుతుంది కాబట్టి దగ్గర దగ్గర రెండున్నర కిలోమీటర్లు వడకాలి! ఆ తర్వాతే అల్లిక. అది ఈ చలికి ఎట్టి పరిస్థితిలోనూ అందదు, అందుకే దాన్ని వచ్చే ఏడాదికి రాసేశాను. ఇలా తేల్చుకున్నాక ప్రాణం హాయిగా ఉంది. ఈ చలికి తొడుక్కోవాల్సినవి ఏవి, నింపాదిగా సాగాల్సినవి ఏవి అని విడదీసుకుంటే చాలు. పనులు ఎన్నున్నాయన్నది పెద్ద సమస్య కాదే.

అసలు కష్టమల్లా వదిలేసిన పనిని మళ్ళీ అందుకునేటప్పుడే. రెండు వారాలు రాట్నం ముట్టకపోతే చెయ్యి మారిపోతుంది. ఇంకాస్త లావుగానో సన్నగానో వడికేస్తాం, పేటలు కలిపాక గానీ ఆ సంగతి బయటపడదు. దీనికి నేను చేసేది ఇది. మొదటిరోజే ఒంటిపోగు కొంచెం అట్టముక్కకి చుట్టి రాట్నానికి కట్టేస్తాను. దాని పక్కనే అప్పుడే వడికిన పోగుని మధ్యకి మడిచి వదిలితే, దానంతట అదే మెలిపడి రెండు పేటలవుతుంది చూడు, ఆ ముక్క కూడా కడతాను. అది తాజాగా ఉన్నప్పుడే తియ్యాలి. బాబిన్ మీద కొన్నాళ్ళు ఉన్న పోగులో పురి నిద్రపోతుంది, మడిచినా మెలిపడదు. పురి చాల్లేదేమో అనుకుని పేటలు కలిపేటప్పుడు తక్కువ తిప్పేస్తే, కడిగాక ఆ పురి లేచి చిలపంతా, అదే చుట్టి కట్టిన నూలంతా, వంకర్లు పోతుంది. రాట్నం తాడు ఏ కప్పీ మీద వేశానో, ఒక్కో బారకి పెడల్ ఎన్నిసార్లు తొక్కానో కూడా అట్టముక్క మీదే రాస్తాను. మళ్ళీ కూర్చున్నప్పుడు కళ్ళు మూసుకుని కొత్త పోగునీ అట్ట మీది పోగునీ వేళ్ళతో తడిమి చూసుకుంటాను. కంటికి కనపడని తేడా వేలికి తెలుస్తుంది.

అంత చేసినా మొదటి చిలపకీ చివరి చిలపకీ ఎంతో కొంత తేడా ఉంటుంది. అల్లేటప్పుడు రెండు చిలపలు పెట్టుకుని, దీనితో రెండు వరసలు దానితో రెండు వరసలు మార్చుకుంటూ పోతే ఆ తేడా కలిసిపోతుంది.

సూదుల మీద పనికీ ఇలాంటి చీటీలే. ప్రతి సంచిలో ఒక కాగితం ఉంటుంది, ఏ వరసలో ఆగాను, తర్వాత ఏం చెయ్యాలి అని. అన్నిటికంటే ముఖ్యంగా సూది సైజు. ఎందుకంటే నిద్రపోతున్న పనిలోంచి సూదులు అప్పు తీసుకోవడం నాకు అలవాటు! కుట్లని ఒక దారం మీదకి జార్చేసి, సూది ఇంకోదానికి వాడేసుకుంటాను. సైజు రాసి పెట్టుకోకపోతే తర్వాత అది 4 మిల్లీమీటర్లో 3.75 మిల్లీమీటర్లో ఎవరు చెప్తారు? ఇంకొకటి, ఏదైనా పనిని ఆపాల్సివస్తే కష్టమైన చోట ఆపను. మడమ తిప్పుతూ మధ్యలో వదిలేసిన సాక్సు మళ్ళీ చేతికి ఎక్కడం చాలా కష్టం. మడమ ముగించి, హాయిగా గుండ్రంగా తిరిగే చోటికి తెచ్చి ఆపితే, దానంతట అదే రమ్మని పిలుస్తుంది.

తకిలీ మీద ఉన్నది ఏమవుతుందని అడక్కు. దాంతో ఏం చేస్తానో నాకూ తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. రోజూ పడుకోబోయే ముందు నాలుగు బారలు వడుకుతాను, పట్టు మెరుస్తుంది, నిద్ర వస్తుంది. అన్నిటికీ లెక్కలుండాలా ఏంటి?

ఇక అసలు విషయం. ఆ సాక్సులు నీకేనే. ముదురు నీలం, అక్కడక్కడ బూడిద రంగు. ముందే చెప్పకూడదనుకున్నాను కానీ కొలత లేకుండా ముందుకి పోలేను. పాదం నేల మీద ఆనించి, మడమ నుంచి పొడుగు వేలి కొస దాకా ఎంతుందో కొలిచి పంపు. పాదం మధ్యలో చుట్టుకొలత కూడా. వదులుగా ఉంటే బావుంటుందని ఎక్కువ చేసి చెప్పకు, కొలిచింది కొలిచినట్టు రాయి. సాక్సు పాదం కన్నా కొంచెం చిన్నదిగా ఉంటేనే జారకుండా పట్టి ఉంటుంది. నీ చుట్టుకొలత 22 సెంటీమీటర్లయితే నేను అల్లేది 20 దగ్గర ఉంటుంది, ఆ తగ్గింపు నేనే చూసుకుంటాను. ఊల్లో నాలుగోవంతు నైలాన్ ఉంది, మడమ దగ్గర తొందరగా చిరగదు. అలాగని చెప్పుల్లేకుండా వాటితో ఇల్లంతా తిరిగెయ్యకు.

కొలత అందేదాకా ఇది మడమ దాటి రెండు వరసల దగ్గర ఆగి ఉంటుంది. ఈలోపు రెండోదాన్ని మొదలుపెట్టేస్తానులే.

నీ
అల్లికల పిచ్చిది