మొబైల్ స్టార్టర్ డబ్బా మీద సెట్టింగులు తెలుగులో రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మా దేవరకొండ, మర్రిగూడ, చండూరు వైపు బోర్ల కింద బత్తాయి పెట్టిన రైతులు చాలామంది ఇప్పుడు మొబైల్ స్టార్టర్ వాడుతున్నారు. స్టార్టర్ డబ్బాలో మాడ్యూల్ అనే చిన్న ఎలక్ట్రానిక్ కార్డు, అందులో ఒక సిమ్. ఇంట్లో కూర్చునే మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. చీకట్లో పాములకు, తడి నేలలో షాకుకు భయపడుతూ బాయికాడికి పోయే బాధ తప్పింది. నాది మోటారు వైండింగ్ షాపు. ఈ డబ్బాలు పాడయ్యాయని నా దగ్గరికి తెస్తుంటారు. చాలావాటికి రిపేరే అక్కర్లేదు, ఒక సెట్టింగ్ మారిస్తే చాలు. అది రైతుకు తెలియకపోవడం వల్ల ఎంత నష్టమవుతోందో చెప్పాలని రాస్తున్నాను.

మొన్న యాసంగిలో మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తోటలో సిగ్నల్ అందడం లేదని స్టార్టర్‌లో ఉన్న సిమ్‌ను ఇంకో కంపెనీకి పోర్ట్ చేయించారట. అప్పటి నుంచి యాప్‌లో మోటారు ఆఫ్‌లైన్ అనే చూపిస్తోంది. అమ్మినవాళ్లు ఫోన్‌లోనే విని, కార్డు కాలిపోయింది, కొత్తది కొనాలన్నారు. "చెట్లు వాడువడుతున్నయి బిడ్డా, ఎంతయితే అంత కానియ్యి" అన్నారాయన. ఆ మాట విన్నాక కోపం ఆగలేదు.

మాడ్యూల్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి, ఏటీ కమాండ్లనే చిన్న ఆదేశాలతో అడిగితే తన సంగతి అదే చెబుతుంది. సీపిన్ అంటే సిమ్ సంగతి, అది అడిగితే సిమ్ రెడీ అంది. సీఎస్‌క్యూ అంటే సిగ్నల్ లెక్క, 0 నుంచి 31 దాకా ఉంటుంది, 99 వస్తే సిగ్నల్ ఎంతో దానికే తెలియదని. ఇక్కడ 17 వచ్చింది, నిక్షేపంలాంటి సిగ్నల్. నెట్‌వర్క్‌లో నమోదైందా అని అడిగే సీరెగ్‌కు 0,1 అని జవాబు, అంటే సొంత నెట్‌వర్క్‌లో నమోదైంది. ఇక మిగిలింది ఏపీఎన్. అక్కడ పాత కంపెనీ పేరు అట్లనే ఉంది. సిమ్ ఇంటర్నెట్‌లోకి ఏ దారిన పోవాలో చెప్పే పేరే ఏపీఎన్. ఫోన్‌లో సిమ్ మారిస్తే మామూలుగా ఫోనే ఆ పేరు సరిచూసుకుంటుంది. ఈ మాడ్యూల్‌కు మాత్రం మనిషి చెప్పాలి. సీజీడీకాంట్ కమాండ్‌తో ఆ ఒక్క వరుస మార్చి రీస్టార్ట్ చేస్తే ఇంటర్నెట్ కలిసినట్టు ఐపీ అడ్రస్ వచ్చింది, మోటారు యాప్‌లో కనపడింది. కార్డుకు ఏమీ కాలేదు.

ఎయిర్‌టెల్ మామూలు సిమ్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్, జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్. ఇందులో దాచాల్సిన రహస్యమేముంది? 13 అంకెల నంబరుతో వచ్చే మెషిన్ సిమ్‌లకు పేరు వేరే ఉండొచ్చు, దాన్ని సిమ్ ఇచ్చినవాళ్లే చెప్పాలి. కొన్ని స్టార్టర్లలో ఒక ఎస్ఎంఎస్ పంపి ఏపీఎన్ మార్చుకోవచ్చు. కానీ ఆ మెసేజ్ ఎట్లా రాయాలో డబ్బాతో వచ్చే కాగితంలో చీమతలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. కొన్నింటికి ఆ కాగితమూ ఉండదు.

ఇంకో మోసం 2జీ, 4జీ దగ్గర జరుగుతోంది. దీన్ని మోసమనే అంటాను. తక్కువ ధర డబ్బాల్లో 2జీ మాత్రమే పట్టే మాడ్యూల్ ఉంటుంది. జియోకు 2జీ నెట్‌వర్కే లేదు. ఆ డబ్బాలో జియో సిమ్ వేస్తే టవర్ పక్కనే ఉన్నా నమోదు కాదు. ఈ మాట అమ్మేటప్పుడు చెప్పాలా, వద్దా? రీచార్జ్ సంగతీ అంతే. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో తెచ్చిన నిబంధనతో డేటా లేని, కాల్స్, ఎస్ఎంఎస్‌ల ప్యాక్‌లు వచ్చాయి. మామూలు ఫోన్ వాడే ముసలివాళ్లకు అవి మేలే. యాప్‌తో నడిచే స్టార్టర్‌లో అదే ప్యాక్ వేస్తే సిగ్నల్ లైటు బాగానే వెలుగుతుంది, మోటారు మాత్రం మాట వినదు.

యాంటెన్నాను ఇనుప డబ్బా లోపలే వదిలేసే ఫిట్టర్లకు కూడా ఒక మాట. దాన్ని తప్పకుండా బయటికి తీయండి, ఇనుము సిగ్నల్‌ను ఆపేస్తుంది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా ఇంటికి పోకండి. స్టార్టర్ నంబరు, పాస్‌వర్డ్ తెలిసినవాడు ఎక్కడినుంచైనా మోటారు వేయగలడు. అప్పుడు బోరు దగ్గర ఎవరైనా ఫ్యూజు వేస్తుంటే ప్రాణం మీదికొస్తుంది.

స్టార్టర్లు తయారుచేసేవాళ్లను, అమ్మేవాళ్లను నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. మాడ్యూల్ 2జీనా 4జీనా, ఏ సిమ్ పడుతుంది, డేటా ప్యాక్ కావాలా, ఏపీఎన్, పాస్‌వర్డ్ మార్చే మెసేజ్ ఏమిటి, ఇంతవరకు డబ్బా మూత లోపల తెలుగులో, పెద్ద అక్షరాల్లో అంటించండి. బిల్లు మీద కూడా 2జీనో 4జీనో రాయండి. వ్యవసాయ అధికారులు రైతు వేదికల్లో విత్తనాలు, ఎరువుల గురించి చెప్పేటప్పుడు ఈ సెట్టింగులూ ఒకసారి చేసి చూపించాలి. మీ పత్రిక వ్యవసాయ పేజీలో ఈ ఏపీఎన్ పేర్లను ఇంగ్లిష్ స్పెల్లింగుతో సహా ఒక పట్టికగా వేయండి. రైతులు కత్తిరించి స్టార్టర్ డబ్బాలో పెట్టుకుంటారు. ఎండాకాలం తడులు మొదలుకాకముందే వేస్తే మేలు.

ఇట్లు,
ఒక మోటారు మెకానిక్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా