ఈ వేసవి రాంచ్ ప్రయాణానికి బూట్లు మీరే తెచ్చుకోవాలి

వేసవిలో మాతో వయోమింగ్‌లోని డ్యూడ్ రాంచ్‌కు, అంటే అతిథులు బస చేసి గుర్రపుస్వారీ చేసే పశువుల క్షేత్రానికి, వచ్చే డల్లాస్, ఫ్రిస్కో, ప్లేనో కుటుంబాలన్నిటికీ నమస్కారం. ఇన్నేళ్ళుగా ప్యాకేజీ తీసుకున్న ప్రతి ఒక్కరికీ మా ఆఫీసులోనే పాదం కొలత చూసి స్వారీ బూట్లు ఇచ్చేవాళ్ళం, తిరిగి వచ్చాక తీసుకునేవాళ్ళం. ఈ వేసవి నుంచి ఆ ఏర్పాటు ఉండదు. ఎవరి బూట్లు వారే కొనుక్కొని, ఇంట్లో తొడిగి అలవాటు చేసుకొని, పెట్టెలో సర్దుకొని రావాలి. బూట్ల కోసం ప్యాకేజీలో కలిపిన మొత్తాన్ని ప్రతి ఒక్కరి బిల్లులో తగ్గిస్తాం. ఖర్చు మిగుల్చుకోవడానికే బూట్లు ఎత్తేశామని మన వాట్సాప్ గ్రూపులో ఒకరిద్దరు రాశారు. ఆ మాట నన్ను నొప్పించింది. అందుకే జరిగింది జరిగినట్టు మీకు చెబుతున్నాను.

మాకు బూట్లు ఇచ్చే టోకు వ్యాపారి కొత్తవాడేమీ కాదు, ఈ వ్యాపారం మొదలైననాటి నుంచీ ఆయన దగ్గరే తీసుకుంటున్నాం. జనవరిలోనే సైజుల పట్టిక పంపి, అడ్వాన్సు కట్టి, కావలసినదేమిటో విడమరిచి రాశాను: తోలు బూటు, నున్నటి అడుగు, అంగుళానికి తగ్గని మడమ, ఆడవాళ్ళకు అయిదు, ఆరు సైజులు తప్పనిసరి, పిల్లలవి విడిగా. ఏప్రిల్ దాకా వస్తున్నాయనే చెప్పాడు. మే నెలలో అట్టపెట్టెలు దిగాయి. పైన వెస్టర్న్ బూట్లు అని ముద్ర ఉంది కానీ, లోపల ఉన్నవి చీలమండ దాకా వచ్చే లేసుల బూట్లు, కొండలు ఎక్కేవారు వేసుకునే రకం, అడుగున లోతైన గాళ్ళు ఉన్నవి. మన ఆడవాళ్ళకు పట్టే చిన్న సైజులు ఒక్కటీ లేవు, పిల్లల పెట్టె అసలు రానేలేదు. ఫోను చేస్తే, తయారుచేసేవాళ్ళు ఆ రకం ఆపేశారనీ, ఇవి కూడా బూట్లేననీ చెప్పి, "వచ్చేది టూరిస్టులే కదా, వారం రోజులకు ఎవరు పట్టించుకుంటారు" అన్నాడు.

నేను పట్టించుకుంటాను. చిన్నప్పుడు మాతో వచ్చి మొదటిసారి జీనెక్కిన పిల్లలు ఈనాడు కాలేజీలో చదువుతూ తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ వెంటబెట్టుకొని వస్తున్నారు. వారి తల్లిదండ్రులు మా మాట మీద నమ్మకంతో పిల్లలను గుర్రం ఎక్కిస్తున్నారు. ఆ నమ్మకానికి ఆ వ్యాపారి కట్టిన విలువ విన్నాక, మిగిలిన బేరం ఎంత లాభసాటిగా ఉన్నా నాకు అక్కర్లేకపోయింది.

సరుకు వెనక్కి పంపే ముందు, పట్టుదలకు పోతున్నానేమోనన్న సందేహం తీర్చుకోవడానికి ఒక జత తీసుకొని డెంటన్ వైపు తెలిసినవారి గుర్రపుశాలకు వెళ్ళాను. దూలం మీద ఆరవేసిన జీనుపై కూర్చొని, ఆ బూటు తొడిగిన పాదాన్ని రికాబులో, అంటే జీనుకు పక్కన వేలాడే పాదం ఆన్చే కడియంలో, పెట్టాను. లోపలికి సులువుగానే వెళ్ళింది. పక్కకు తిప్పి బయటికి తీయబోతే అడుగున ఉన్న రబ్బరు గాడి రికాబు అంచును కరిచి పట్టుకుంది, దాన్ని వేలాడదీసిన తోలుపట్టీ కూడా మెలిక తిరిగి నా కాలి వెంట వచ్చింది. మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాను, అదే తీరు. కదలని జీను మీద అది చిన్న ఇబ్బందే. గుర్రం బెదిరినప్పుడు మనిషి జారిపడి, కాలు మాత్రం రికాబులో ఇరుక్కుపోతే, ఆ మనిషిని గుర్రం ఈడ్చుకుపోతుంది. కౌబాయ్ బూటులో ప్రతి భాగం ఈ ప్రమాదాన్ని తప్పించడానికే ఉంది: మడమ పాదాన్ని రికాబు దాటి ముందుకు జారిపోనివ్వదు, నున్నటి అడుగు పాదాన్ని వెంటనే వెనక్కి రానిస్తుంది, లేసులు లేని వదులైన గొట్టం అవసరమైతే బూటును అక్కడే వదిలి కాలిని బయటపడేస్తుంది. డ్యూడ్ రాంచ్ నడిపిన ఈటన్ సోదరులు 1904లో తమ రాంచ్‌ను నార్త్ డకోటా నుంచి వయోమింగ్‌లోని షెరిడాన్ పక్కకు మార్చిననాటి నుంచి బిగ్‌హార్న్ కొండల కింద పట్నవాసులు గుర్రమెక్కుతున్నారు, 1926లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో డ్యూడ్ రాంచ్‌ల యజమానుల సంఘం కూడా ఏర్పడింది. ఇన్ని తరాల తర్వాత కూడా రాంచ్‌లు అతిథులకు పంపే సామాన్ల పట్టికలో మడమ ఉన్న బూటు తప్పక కనిపిస్తుంది.

పెట్టెలన్నీ వెనక్కి పంపాను. ఆ తర్వాత ఏం చేయాలన్నది నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. దుకాణాల్లో చిల్లర ధరకు కొని మీకు ఇవ్వవచ్చు, కానీ అప్పుడు ప్యాకేజీ ధర పెంచాలి, ఇప్పటికే డబ్బు కట్టినవారిని మళ్ళీ అడగాలి. వాడిన బూట్లు కొనవచ్చు, అయితే ఇంకొకరి పాదానికి సాగిన తోలు మీ పాదానికి సరిపడదు, నాలుగు గంటల స్వారీలో మడమ బొబ్బలెక్కుతుంది. రాంచ్‌లో ఉన్న అరువు బూట్లను నమ్ముకుందామంటే అవి కొద్ది జతలు, పెద్ద సైజులవే ఎక్కువ. ఎటు తిప్పి చూసినా, తన పాదానికి తాను చూసి కొనుక్కున్న బూటును మించినది నాకు కనిపించలేదు. ఈ నిర్ణయం నాకు తేలిక కాదు. మా ఆఫీసు గోడ వెంట వరుసగా నిలబెట్టిన బూట్లు, ఒక్కొక్క జతకు తెలుగులో పేరు రాసి కట్టిన చీటీ, ఇది మా వ్యాపారానికి గుర్తు అని నేను గర్వపడేవాణ్ణి. ఈ ఏడాది ఆ గోడ ఖాళీగా ఉంది. నాసిరకం సరుకుతో దాన్ని నింపడం కంటే ఖాళీగా ఉంచడమే నాకు సమ్మతం.

కొనడానికి మనం టెక్సాస్‌లో ఉండటం అదృష్టమే. ఫోర్ట్‌వర్త్‌లోని పాత పశువుల సంత ప్రాంతమైన స్టాక్‌యార్డ్స్ చుట్టూ బూట్ల దుకాణాలకు కొదవ లేదు. రోపర్ అనే రకం అడగండి. దాని ముక్కు గుండ్రంగా, మడమ తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి గుర్రం మీదికీ నడకకూ రెండింటికీ పనికొస్తుంది. దుకాణానికి వెళ్ళేటప్పుడు రాంచ్‌లో వేసుకోబోయే మందపాటి పొడవు మేజోళ్ళే వెంట తీసుకెళ్ళండి, సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలిపించుకోండి. పాదం పైభాగం బిగువుగా పట్టాలి, వేళ్ళు కదలాలి, కొత్త బూటులో మడమ కొద్దిగా పైకి లేస్తే భయపడనక్కర్లేదు, తోలు వంగాక అది సర్దుకుంటుంది. బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు నుంచి రోజూ సాయంత్రం ఇంట్లో వేసుకొని తిరగండి. ఫ్యాషన్ కోసం చేసే ఎత్తు మడమల బూట్లూ, పక్కన జిప్పు ఉన్నవీ వద్దు. రన్నింగ్ షూస్‌తోనో శాండిల్స్‌తోనో వచ్చిన వారిని, ఎంత పాత కస్టమర్లయినా సరే, గుర్రం ఎక్కించబోము. ఈ విషయంలో నన్ను బతిమాలవద్దని మనవి.

తక్కిన సామాను సంగతి మీకు చాలావరకు తెలిసిందే. సాగే పలచటి ప్యాంట్లు కాకుండా మామూలు జీన్స్ తెచ్చుకోండి, కూర్చున్నప్పుడు కూడా అంచు బూటును కప్పేంత పొడవు ఉండాలి, తొడల లోపలి కుట్టు మందంగా ఉంటే ఒరుసుకుపోతుంది. డల్లాస్‌లో నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో విమానం ఎక్కుతాం కాబట్టి చలి గుర్తుకు రాదు, కానీ ఆ కొండల్లో జులై తెల్లవారుజామున స్వెట్టరు లేకుండా బయటికి రాలేరు. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడటం అక్కడ మామూలే. వానకోటు గుర్రం మీద ఉండగానే తొడుక్కోబోవద్దు, ఆ చప్పుడుకు గుర్రాలు బెదురుతాయి. ముందు రాంగ్లర్‌కు, అంటే గుర్రాలను చూసుకుంటూ మనల్ని వెంట నడిపించే ఆయనకు, చెప్పండి, ఆయన అందరినీ ఆపుతారు. అదే కారణంగా గొడుగులు వద్దు, గాలికి ఎగిరే చున్నీలు వద్దు, గాజులు, పట్టీలు ఇంట్లోనే ఉంచండి. టోపీకి గడ్డం కింద బిగించే తాడు ఉండాలి. పిల్లలకు టోపీ బదులు స్వారీ హెల్మెట్, అవి రాంచ్ వారు ఇస్తారు. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది, చల్లగా ఉందనుకుంటూనే చర్మం కమిలిపోతుంది, అందుచేత సన్‌స్క్రీన్, పెదవులకు రాసుకునే బామ్ మరువవద్దు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకొస్తున్నవారు, వారు గుర్రం ఎక్కకపోయినా, పాదం మొత్తం కప్పే బూట్లు వారికి కూడా కొనండి. కంచెల దగ్గర, గుర్రాల పక్కన చెప్పులతో నిలబడటం ఎవరికీ క్షేమం కాదు. శాకాహారుల పేర్లు వంటవారికి ముందే పంపుతున్నాం. ఆవకాయ, కారప్పొడి తెచ్చుకోవద్దని నేనెన్నడూ అనను, కానీ అవి నల్ల ఎలుగుబంట్లు తిరిగే కొండలు, కాబట్టి దిగిన వెంటనే సీసాలను వంటగదిలో అప్పగించాలి. క్యాబిన్ వసారాలో ఏ తినుబండారమూ ఉంచకూడదు.

బూట్ల సొమ్ము ఈ నెలాఖరులోగా మీ బిల్లుల్లో తగ్గుతుంది, ఇప్పటికే మొత్తం కట్టినవారికి బ్యాంకు ఖాతాలో వేస్తాం. వచ్చే రెండు శనివారాలు నేను స్వయంగా ఫోర్ట్‌వర్త్ వెళ్తున్నాను, కొనడంలో సాయం కావలసినవారు ముందురోజు ఫోను చేస్తే దుకాణంలో కలుస్తాను. కొన్నవారు బూటు అడుగు, మడమ కనిపించేలా రెండు ఫొటోలు తీసి పంపండి, సరిపోతుందో లేదో అదే రోజు చెబుతాను. చిన్న పిల్లల సైజులు ఎక్కడా దొరకనివారు ఆలస్యం చేయకుండా తెలియజేయండి. పాదం ముందుకు జారిపోకుండా ముందువైపు మూసి ఉండే పిల్లల రికాబులు రాంచ్‌లో కొన్ని ఉన్నాయి, వాటిని మీ పేరు మీద కేటాయించమని ఇప్పుడే అడగాలి.