సర్పి నడుముకే వస్తుందా?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో సర్పి (ఇంగ్లీషులో షింగిల్స్) మీద వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. నడుము చుట్టూ పొక్కులున్న బొమ్మ వేశారు. వ్యాసం నిండా నడుము, ఛాతీ మాటే. మొహం ఊసే లేదు.

మా అమ్మకు ముందు రెండు రోజులు ఎడమవైపు నుదురు ఒకటే మంట. ఆ తర్వాత కనుబొమ పైన, ముక్కు కొసన నీటి పొక్కులు లేచాయి. ఊళ్లో చూపిస్తే ఏదో పురుగు పాకిందన్నారు. మందుల షాపులో చీటీ అడక్కుండానే ఆయింట్‌మెంట్ ఇచ్చారు. అది స్టిరాయిడ్ అని తర్వాత తెలిసింది. సర్పేమో అని నాకు అనుమానం వచ్చి అంటే, ‘సర్పి మొహానికి యాడ వస్తాది నాయనా, నడుముకు గానీ’ అంది పక్కింటి పెద్దమ్మ. ఆమె తప్పేముంది? ఎవరు చెప్పినా నడుమే చెప్తారు, పేపర్లోనూ నడుమే. అనంతపురంలో కంటి డాక్టరు దగ్గరికి చేరేసరికి పొక్కులు లేచి ఆరో రోజు. పొక్కులు మానాయి. నల్లగుడ్డు మీద మచ్చ మిగిలింది.

ఎప్పుడో చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ వైరసే నరాల మొదట్లో దాక్కుని, ఏళ్ల తర్వాత ఏదో ఒక నరం వెంట బయటికొస్తుంది. అందుకే ఒంటికి ఒక పక్కనే వస్తుంది. ఆ నరం నుదుటిదైతే కంటికి ప్రమాదం. చెవి వైపుదైతే మూతి వంకర పోవచ్చు, వినికిడి తగ్గొచ్చు. ముక్కు కొసన పొక్కు కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ 72 గంటలూ మాకు పురుగు కథతోనే గడిచిపోయాయి.

మా వైపు ఏ ఆరోగ్య కేంద్రం గోడ చూసినా దోమల పోస్టర్లే. సర్పి బొమ్మ నేనింతవరకూ చూడలేదు. కుష్ఠు మచ్చలు చూడటానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వస్తున్నారు. వాళ్ల చేతికి మొహం మీది సర్పి ఫోటో ఒకటి ఇవ్వడానికి అధికారులకు ఎంత ఖర్చవుతుంది? డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ట్యూబు మీద రాసి ఉన్న స్టిరాయిడ్ పూతలు పిప్పరమెంట్లలా అమ్ముతుంటే ఔషధ తనిఖీ అధికారులు ఎక్కడున్నారు? రోజూ పొద్దున్నే మీ పేపరు చదివే మా అమ్మకు ఇప్పుడు నేను చదివి వినిపిస్తున్నాను.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే సైజులో, నుదురూ ముక్కు కొసా కనిపించేలా ఇంకో బొమ్మ వేయండి.

ఒక పాఠకుడు,
గుత్తి, అనంతపురం జిల్లా