స్తుతి నోట రాని రోజుల గురించి, చెన్నైలో ఉన్న అమ్మాయికి

నెల్లూరు

తల్లీ,

ప్రభువు పేరిట నీకు, అల్లుడుగారికి, పిల్లలకు శుభాలు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒకావిడ నీ చెయ్యి పట్టుకుని "ఏడవకూడదు సిస్టర్, స్తుతించండి, అద్భుతం జరుగుతుంది" అందనీ, ఆ మాట విన్నప్పటి నుంచి ఒక్క పాటా నోట రావడం లేదనీ చెప్పావు. ఇది ఫోన్లో తేలే విషయం కాదు. మంగళ, గురు, శనివారాలు అల్లుడుగారికి డయాలసిస్ జరుగుతుంటే వార్డు బయట నాలుగేసి గంటలు కూర్చుంటావు కదా, అక్కడ తీరిగ్గా చదువుకో.

కష్టంలో దేవుణ్ణి స్తుతించమనడం మంచి మాటే. ఏడుపు మింగేసి స్తుతించమనడం మాత్రం వాక్యంలో లేదు. యాకోబు పత్రిక 5:13 తీసి చూడు: "మీలో ఎవనికైనను శ్రమ సంభవించెనా? అతడు ప్రార్థనచేయవలెను, ఎవనికైనను సంతోషము కలిగెనా? అతడు కీర్తనలు పాడవలెను." శ్రమలో ఉన్నవాణ్ణి ముందు మొరపెట్టుకోమన్నాడు. దుఃఖంలో ఉన్నవాడి దగ్గర పాటలు పాడేవాడు చలి రోజున ఒంటి మీది బట్ట లాగేసినవాడితో సమానమని సామెతలు 25:20లో ఉంది. కాబట్టి ఆవిడ మాటకు నువ్వు కుమిలిపోవద్దు. ఆవిడ మీద కోపమూ పెట్టుకోవద్దు, ప్రేమతోనే అని ఉంటుంది.

మరి ఎలా స్తుతించాలి? 13వ కీర్తన చూడు. ఆరే వచనాలు, చదవడానికి నిమిషం పట్టదు. మొదటి రెండు వచనాల్లో దావీదు ఎన్నాళ్లు, ఎంతవరకు అని దేవుణ్ణి వరసగా నిలదీస్తాడు. 3, 4 వచనాల్లో కావలసింది అడుగుతాడు. 5, 6 వచనాలకు వచ్చాకే "నేనైతే నీ కృపయందు నమ్మికయుంచి యున్నాను" అని స్తుతిలోకి వస్తాడు. అప్పటికి ఏదీ మారలేదు, శత్రువు అక్కడే ఉన్నాడు. మారింది దావీదు ఎవరివైపు చూస్తున్నాడన్నదే.

ఇదే వరసలో నీది నువ్వు రాసుకో. చిన్న నోటుపుస్తకం హాస్పిటల్ సంచిలో పెట్టుకో. రెండు వాక్యాలు ఫిర్యాదు, రెండు వాక్యాలు మనవి, రెండు వాక్యాలు స్తుతి, అంతే. ఫిర్యాదు ఉన్నదున్నట్టు రాయి. "ప్రభువా, నా భారం నీకు తెలుసు" అని ముసుగు వేసి రాస్తే లాభం లేదు. "ఇంటి లోను కంతు కట్టలేకపోతున్నాను, కిడ్నీ కోసం పేరు నమోదు చేయించి ఎదురుచూస్తూనే ఉన్నాం, నువ్వు వింటున్నావా?" అని రాయి. మనవి కూడా అలాగే: "ఈ రోజు ఆఖరి గంటలో బీపీ పడిపోకుండా చూడు." స్తుతి వాక్యాల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త ఉంది. రాసిన వాక్యం, కిడ్నీ దొరక్కపోయినా నిజంగానే నిలుస్తుందా అని చూసుకో. "నువ్వు మాకు కిడ్నీ ఇస్తావు గనుక స్తోత్రం" అన్నది నిలవదు, అది బేరం. "నీ సొంత కుమారుణ్ణే మా కోసం ఇచ్చావు, ఆయన్ను సమాధిలో వదిలెయ్యలేదు" అన్నది ఎన్ని రిపోర్టులు ఎలా వచ్చినా నిలుస్తుంది.

మన సంఘాల్లో ఎక్కువమంది చతికిలబడేది ఇక్కడే, తల్లీ. స్తుతిస్తే తలుపులు తెరుచుకుంటాయని ఫిలిప్పీ చెరసాల ఎత్తి చూపిస్తారు. పౌలు, సీల ఒళ్లంతా దెబ్బలతో, కాళ్లు చెక్క బొండలో బిగించి ఉండగా మధ్యరాత్రి పాడారు, నిజమే. తలుపులు తెరుచుకున్నాక వాళ్లు పారిపోలేదు, అది చెప్పరు. ఆ సంగతి ఉన్న అపొస్తలుల కార్యముల గ్రంథంలోనే 12వ అధ్యాయంలో హేరోదు రాజు యాకోబును కత్తితో చంపించాడు, పేతురును దూత చెరసాల నుంచి బయటికి తెచ్చాడు. ఇద్దరూ అపొస్తలులే, ఇద్దరినీ ప్రేమించిన సంఘం ఒకటే. స్తుతి తక్కువై యాకోబు పోలేదు. అల్లుడుగారి రిపోర్టు బాగా లేని రోజున "నేను సరిగ్గా స్తుతించలేదేమో" అన్న ఆలోచన వస్తుంది. రాగానే ఈ అధ్యాయం తియ్యి.

శత్రువులు దండెత్తి వచ్చినప్పటి యెహోషాపాతు రాజు సంగతీ అంతే. సైన్యానికి ముందు గాయకులు నడిచారని రెండవ దినవృత్తాంతములు 20:21 చదివి వినిపిస్తారు. పై వచనాలు వదిలేస్తారు. 3వ వచనంలో రాజు భయపడ్డాడు. 12వ వచనంలో జనమంతా వింటుండగా "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు" అని ఒప్పుకున్నాడు. పాట వచ్చింది ఆ మర్నాడు. నీకు ఇంకా 12వ వచనమే నడుస్తుంటే సిగ్గుపడకు.

ఇక వైద్యం విషయం గట్టిగా చెబుతున్నాను. విశ్వాసంతో ఒక్కసారి డయాలసిస్ మానేసి చూడమని ఎవరన్నా సలహా ఇస్తే, ఎంత పెద్ద దైవసేవకుడైనా సరే, వినవద్దు. ఒక్కటి తప్పినా నీరు ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. జబ్బుపడ్డ హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్లు ఆయుష్షు పొడిగించాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. మాట ఇచ్చిన దేవుడే మందునూ వాడాడు. ఆ హిజ్కియా స్తుతి యెషయా 38లో ఉంది. గువ్వలా మూలిగానని అందులోనే చెప్పుకున్నాడు.

ఉపవాస ప్రార్థన నువ్వు చేస్తే చెయ్యి, అల్లుడుగారి చేత చేయించకు. ఆయనకు డాక్టరు చెప్పిన లెక్కలో మాంసకృత్తులు పడాల్సిందే. ప్రార్థనకు వచ్చేవాళ్లు కొబ్బరిబోండాలు, అరటిపళ్లు తెస్తారు, వాటిలో పొటాషియం ఎక్కువ. నొప్పించకుండా తీసుకుని పక్కింటివాళ్లకిచ్చెయ్యి. చేతులుంచి ప్రార్థించేటప్పుడు డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చెయ్యి ఎవరూ గట్టిగా పట్టుకోకుండా నువ్వు ఆ పక్కనే నిలబడు. భుజం మీద చెయ్యి వేయమను, చాలు. శనివారానికీ మంగళవారానికీ మధ్య రెండు రోజులు ఎడం వస్తుంది, ఒంట్లో నీరు ఎక్కువ చేరేది అప్పుడే. ఆదివారం ప్రేమవిందులో సాంబారు, పచ్చడి, మజ్జిగ ఒకటొకటిగా ఒంట్లోకి చేరిపోతాయి. క్యారియర్ ఇంటి నుంచి పట్టుకెళ్లు. సోమవారం రాత్రి పడుకోగానే ఆయాసం వచ్చిందంటే పాట తర్వాత, ముందు హాస్పిటల్.

వార్డు లోపల ఆయన పక్కన ఉన్నప్పుడు పాడాలనిపిస్తే పెదవులు కదిలేంత గొంతుతో పాడు. పక్క మంచం మీద ఉన్నవాళ్లకు వాంతి వస్తూ ఉండవచ్చు, పిక్కలు పట్టేసి ఉండవచ్చు. ఫోన్లో పాట పెట్టి వార్డంతా వినిపించడం సాక్ష్యం కాదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకో. పక్కనున్న ఆవిడ అడిగితే అప్పుడు పంచుకో. నాలుగు గంటలూ ప్రార్థించాలని పెట్టుకోకు. మెషీన్ మొదలయ్యాక మొదటి అరగంట నోటుపుస్తకం, తర్వాత టిఫిను, కాస్త నిద్ర. ఏలీయా బదరీ చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దూత ప్రసంగం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టి, నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి తినిపించాడు. నీకు రెండు వారాలుగా నిద్ర లేక, అన్నం సహించక, దేని మీదా మనసు పోకుండా ఉంటే పాస్టరుగారికే కాదు, డాక్టరుకూ చెప్పు.

రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగిన మేలు ఒకటి రాయి. "ఆరోగ్యం ఇచ్చావు" అని మొక్కుబడిగా కాదు. "ఈ రోజు సూది మొదటిసారే కుదిరింది." "ఆటో అతను వేళచ్చేరి దాకా మీటరు మీద ఎక్కువ అడగలేదు." అలా రాయి. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని 103వ కీర్తన అన్నది ఇలాంటి వాటి గురించి కూడానని నా నమ్మకం. ఏ మేలూ కనబడని రాత్రి 88వ కీర్తన చదువు. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసిపోతుంది, వెలుగు మాటే లేదు. అయినా దాన్ని దేవుడు తన పుస్తకంలో ఉంచాడు, అది కూడా ఆయనతో మాట్లాడిన మాటే. ఆ రాత్రి అంతవరకే చదివి దీపం ఆర్పెయ్యి. లేని సంతోషం తెచ్చిపెట్టుకోకు.

ఆదివారం చర్చికి మాత్రం మానకు. గొంతు రాకపోతే నిలబడి విను. ఆ వారం నీ వంతు స్తుతి పక్కవాళ్లు పాడతారు, సంఘం ఉన్నదే అందుకు.

వచ్చే వారానికి ఒకటి అనుకున్నాను, నీకు కుదిరితేనే. 113 నుంచి 118 వరకు ఉన్న కీర్తనలు యూదులు పస్కా రాత్రి పాడేవి. ప్రభువు సిలువకు ముందు రాత్రి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లాడని మత్తయి 26:30లో ఉంది కదా, అది వీటిలోదేనని చాలామంది పండితుల మాట. సెషనుకు రెండు చొప్పున మూడు రోజులకు సరిపోతాయి. మంగళవారం 113, 114 చిన్నవి. గురువారం 115, 116 కొంచెం పెద్దవి. 116 జబ్బుతో చావు అంచు దాకా వెళ్లినవాడి మాటల్లా ఉంటుంది, అల్లుడుగారికి చదివి వినిపించు. శనివారం 117, 118. మరీ అలసిపోతే 118 ఆపేసి 117తో సరిపెట్టు, దానికి రెండే వచనాలు. నేనూ అదే రోజు అవే చదువుతాను. గురువారం రాత్రి ఫోన్ చెయ్యి, 116లో అల్లుడుగారు ఏ వచనం దగ్గర ఆగారో చెప్పు.

ప్రేమతో,
అమ్మ