నాన్నగారికి, బీపీ మిషన్ గురించి

లెస్టర్,
జనవరి 18

నాన్నగారికి నమస్కారాలు.

ఫోనులో చెబితే "సరే సరే, అమ్మకిస్తున్నాను" అని తప్పించుకుంటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీరు చదివాక అమ్మ చేత కూడా చదివించండి.

మీరు పంపే అంకెలన్నీ చూస్తున్నాను. తెల్లవారుజామున ఒకటి, కాఫీ తాగాక ఒకటి, పాలవాడితో తగవు పడ్డాక ఒకటి, పడుకోబోయే ముందు ఇంకొకటి. 160 వస్తే ఇల్లంతా కంగారు. 118 వస్తే "ఈ రోజుకు మాత్ర అక్కర్లేదు" అని డబ్బా మూసేయడం. నాకు ఎక్కువ భయం ఆ రెండో పనే. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే 118 వచ్చింది. మానేస్తే నాలుగు రోజులకు మళ్ళీ ఎక్కుతుంది, అప్పుడు మిషన్ పాడైందంటారు.

మిషన్‌కు ఏమీ కాలేదు. బీపీ రోజంతా ఒకేలా ఉండదు. నిద్రలో దిగుతుంది, లేచేసరికి ఎక్కుతుంది. మాట్లాడినా, మూత్రం ఆపుకున్నా ఎక్కుతుంది. ఎండాకాలం కంటే చలికాలంలో కాస్త ఎక్కువే చూపిస్తుంది. సంక్రాంతి నాడు వీడియోలో మీరు చూసుకున్న తీరు చూశానుగా! మడత మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని, లాల్చీ చేయి జబ్బ దాకా బిగించి మడిచి, ఎదురుగా టీవీలో రాజకీయ చర్చ, మధ్యలో గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో అమ్మకు జవాబు. చివర్లో "162" అని ప్రకటించారు. అలా చూస్తే ఎవరికైనా ఎక్కువే వస్తుంది.

నేను పనిచేసే మందుల షాపులో రోజూ ఇదే పని. బీపీ ఉందని ఇంతవరకు తెలియని 40 దాటినవారికి ఇంగ్లండులో మందుల షాపుల్లోనే ఉచితంగా చూసే ఏర్పాటు 2021 నుంచి ఉంది. ఒక గుజరాతీ పెద్దాయన స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకొచ్చి, వాటి మీదే పట్టీ చుట్టేయమంటారు. ఒక్కొక్కటీ విప్పించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమంటాను. ఆ ఐదు నిమిషాల్లో కొడుకు పెళ్ళి కథంతా చెప్పేస్తారు. మళ్ళీ ఐదు నిమిషాలు మొదలు.

మీరు ఇలా చేయండి. పొద్దున బాత్రూముకు వెళ్ళి వచ్చాక, మాత్రకూ టిఫినుకూ ముందు, భోజనాల బల్ల దగ్గరి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వద్దు. చేయి బల్ల మీద పెడితే పట్టీ గుండె ఎత్తులో ఉంటుంది. పట్టీ చర్మం మీదే చుట్టాలి, మోచేతి మడతకు రెండు వేళ్ళు పైన. అంతకు ముందు అరగంట కాఫీ వద్దు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని ఒకసారి, నిమిషం ఆగి ఇంకోసారి చూడండి. సాయంత్రం కూడా అలాగే రెండుసార్లు. ఇలా వారం రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా వాటి సగటు తీయాలి. జీవితమంతా లెక్కలు చెప్పిన మీకు సగటు నేను నేర్పక్కర్లేదు. నచ్చని అంకె కూడా రాయాలి, 137ను 130 చేయకూడదు. పిల్లల పేపర్లలో అర మార్కు వదలని మనిషి మీరు!

డాక్టరు గదిలో భయానికే కొందరికి బీపీ ఎక్కుతుంది. అందుకే ఇక్కడ ఆసుపత్రిలో 140/90 దాటితే ఎక్కువంటారు, ఇంట్లో సగటు 135/85కే ఆ మాట అంటారు. మీకు ఎంత ఉండాలో నిర్ణయించేది మాత్రం మీ డాక్టరుగారే. పెద్దత్తయ్య అంకెలతో పందెం వేసుకోకండి. ఆవిడకు 84 ఏళ్ళు. 80 దాటినవారికి ఇక్కడ కాస్త ఎక్కువ ఉన్నా ఒప్పుకుంటారు, ఇంట్లో సగటు 145/85 దాకా. ఆ వారం తప్ప, డాక్టరుగారు చూడమంటే తప్ప, మిషన్ బీరువాలోనే ఉండనివ్వండి.

మంచం దిగగానే మీకు కళ్ళు తిరుగుతున్నాయని అమ్మ చెప్పింది. మీరు చెప్పలేదు. అమ్మను పక్కన ఉంచుకుని, కూర్చుని ఒకసారి చూసుకోండి. తర్వాత లేచి బల్ల పట్టుకుని నిలబడి, నిమిషం గడిచాక ఒకసారి, మూడు నిమిషాలు గడిచాక ఇంకోసారి చూడండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే ఆ కాగితం డాక్టరుగారికి చూపించండి. మందు మార్చాలా, వేళ మార్చాలా అన్నది ఆయన చూసుకుంటారు. ఈ వయసులో పడి తుంటి ఎముక విరగడం 160 కంటే చిన్న సంగతేమీ కాదు. మోకాళ్ళకు షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రల సంగతి కూడా ఆయనకు చెప్పండి. వాటిలో చాలా రకాలు బీపీని పెంచుతాయి, మూత్రపిండాలకూ మంచివి కావు.

180/120 దాటితే ఐదు నిమిషాలు కూర్చుని మళ్ళీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే ఆ రోజే డాక్టరుకు ఫోను చేయాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, కాలో చేయో పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా మిషన్ జోలికి పోకుండా 108కి చేయాలి. ఇది అమ్మకు కంఠతా రావాలి.

ఆవకాయ మానమని రాస్తే ఈ ఉత్తరం చింపేస్తారని తెలుసు, రాయను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటోంది, అన్ని కూరల్లోదీ కలిపి ఒక టీస్పూను లోపే. అప్పడం, వడియం, మజ్జిగలో మళ్ళీ వేసే ఉప్పు, ఇవి తగ్గించినా చాలు. ఆవకాయ ఒక్క ముద్దకే. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు మాత్రం అడగకుండా కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది, మీరు వేసుకునే బీపీ మాత్ర టెల్మిసార్టాన్‌తో అది ఒంట్లో పెరిగిపోవచ్చు.

అమ్మ పాదాల వాపు తను వేసుకునే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ వల్ల కావచ్చు. డాక్టరును అడగాలి గానీ తానే మానేయకూడదు. అమ్మ జబ్బకు మీ పట్టీ బిగువు. బిగువైన పట్టీ లేని బీపీని చూపిస్తుంది. కుట్టుపని టేపుతో భుజానికీ మోచేతికీ మధ్యన చుట్టుకొలత తీసి, ఎన్ని సెంటీమీటర్లో ఈ వారమే చెప్పండి. మిషన్ వెనక ఉన్న మోడలు నంబరు కూడా ఫొటో తీసి పంపండి. వచ్చే నెల ఇక్కడి నుంచి విజయవాడ వెళ్ళేవారున్నారు, సరిపోయే పట్టీ వారి చేత పంపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి