దత్తత బిడ్డ బరువే కాదు, బెంగ కూడా చూడండి

సంపాదకుడు గారికి,

అయ్యా,

దత్తతకు ముందు అధికారులు చూపే శ్రద్ధలో సగమైనా దత్తత తర్వాత చూపాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. శిశుగృహ నుంచి మా ఇంటికి వచ్చేనాటికి మా బాబుకు నాలుగేళ్లు నిండాయి. అంతకుముందు మా ఆదాయం, ఆరోగ్యం, ఇల్లు, ఇరుగుపొరుగు అన్నీ విచారించారు. పరాయి ఇంటికి పసివాడిని పంపేటప్పుడు ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే. ప్రేమగా చూసుకుంటే నెల తిరక్కుండా బిడ్డ మాలిమి అవుతాడని మేమనుకున్నాం, అలా కాకపోవచ్చని మాకెవరూ చెప్పలేదు.

వచ్చిన వారానికి పక్క దులుపుతుంటే వాడి దిండు గలీబులో ఎండిపోయిన ఇడ్లీ ముక్కలు, చీమలు పట్టిన బిస్కెట్లు కనబడ్డాయి. మెట్ల మీద పడి మోకాలు చీరుకుపోయినా ఏడవలేదు. నేను పరుగున పోయి ఎత్తుకుంటే ఒళ్లంతా కట్టెలా బిగబట్టి, రెండు చేతులతో నన్ను నెట్టేశాడు. అదే సాయంత్రం పాలు పోసే ఆయన చెయ్యి పట్టుకుని నవ్వుతూ వీధి చివరి దాకా వెళ్లిపోయాడు. "కన్నతల్లివి కాదని వాడికి తెలిసిపోతా ఉంది" అని మా అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రెండు దెబ్బలు వేస్తే దారికొస్తాడని చెప్పిన బంధువులూ ఉన్నారు.

పసితనంలో ఏడ్చినప్పుడల్లా ఒకే మనిషి వచ్చి ఎత్తుకుంటే బిడ్డకు ఆ మనిషి మీద నమ్మకం కుదురుతుంది. సంస్థల్లో ఆయాలు ఎంత మంచివాళ్లయినా షిఫ్టులు మారతాయి, ఉద్యోగాలు మారతాయి. పొద్దున అన్నం తినిపించిన మనిషి రాత్రికి ఉండదు. అలా పెరిగిన పిల్లల్లో కొందరు ఎవరినీ దగ్గరికి రానివ్వరు, కొందరు ఎవరు పిలిచినా వెళ్లిపోతారు. తల్లి ఆలనకు దూరమైన పిల్లల మనసుకు జరిగే నష్టం గురించి జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లోనే నివేదిక రాశారు. ఇన్నేళ్ల నాటి విషయం మా చెవిన పడింది బాబు వచ్చిన ఏడాదిన్నరకు, అదీ చెన్నైలో ఒక డాక్టరు దగ్గర. ఆమెకు తెలుగు రాదు. రాత్రిళ్లు లేచి తలుపు దగ్గర ఎందుకు కూర్చుంటావని ఆమె అడిగిన మాటను వాడికి నేనే తెలుగులో చెప్పి, వాడి జవాబును నేనే ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. తల్లి గురించిన భయాన్ని తల్లి చేతే చెప్పించాలంటే ఏ బిడ్డ నోరు విప్పుతాడు?

అయినా ఆమె చెప్పిన ఉపాయం చాలా చిన్నది. వాడికంటూ ఒక స్టీలు డబ్బా ఇచ్చి, బొరుగులు, వేరుశనగ ఉండలు ఎప్పుడూ నిండుగా ఉంచి, ఎప్పుడు తిన్నా అడగవద్దన్నారు. మూడు నెలల్లో దాచుకోవడం ఆగింది. ఇప్పుడు వాడికి ఏడేళ్లు, పడుకోబోయే ముందు వంటింట్లోకి వెళ్లి దోశపిండి గిన్నె మూత తీసి చూసుకుంటాడు, అంతే. ఈ సలహా మొదటి నెలలోనే కావలిలో దొరికి ఉండాల్సింది.

2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం బిడ్డ ఇంటికి చేరాక రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి పరిశీలన నివేదిక రాయాలి. కొత్త ఇంట్లో బిడ్డ ఇమడలేకపోతుంటే కౌన్సెలింగ్ ఏర్పాటు చేసే బాధ్యతనూ దత్తత సంస్థ మీద, జిల్లా బాలల పరిరక్షణ విభాగం మీద ఆ నిబంధనలే పెట్టాయి. మా ఇంటికీ క్రమం తప్పకుండా వచ్చారు. ఎత్తు, బరువు రాసుకున్నారు, టీకాల కార్డు చూశారు, ముగ్గురినీ కూర్చోబెట్టి ఫొటో తీసుకున్నారు. "బాగున్నాడు కదమ్మా" అని అడిగితే బాగున్నాడనే చెప్పాను. బాగాలేడంటే తీసుకుపోతారేమోనని నా భయం. ఇదే భయంతో ఇదే జవాబు చెప్పిన తల్లులు నాకు తర్వాత కలిశారు. కాబట్టి నివేదిక రాసేవారు, తోడుగా నిలిచి సలహా చెప్పేవారు వేరువేరుగా ఉండాలి.

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టులకు బదులు జిల్లా కలెక్టర్లే ఇస్తున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లు తలుచుకుంటే నెల్లూరులో ఒకరిని, ఒంగోలులో ఒకరిని, తెలుగులో మాట్లాడే పిల్లల మానసిక నిపుణులను నియమించి, నెలకొక రోజు కావలి, దర్శి వంటి ఊళ్లకు పంపడం కష్టమేమీ కాదు. దత్తత ఉత్తర్వుతో పాటే వారి ఫోన్ నంబరు ఇవ్వాలి, రెండేళ్లు దాటినా ఆ తలుపు మూయకూడదు. బిడ్డ ఇంటికి రాకముందే తల్లిదండ్రులతో పాటు నానమ్మ, తాతయ్యలనూ కూర్చోబెట్టి ఈ సంగతులు చెప్పాలి. పసిప్పటి ఫొటో తెమ్మని తరగతిలో అందరినీ అడిగేటప్పుడు, అది లేని బిడ్డ కూడా అక్కడ ఉండవచ్చని టీచర్లకు తెలియాలి.

పోయిన వారం ఒంగోలు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఇంటికి తెచ్చుకున్న మూడేళ్ల పాప తనను ముట్టుకోనివ్వడం లేదని, వెనక్కి అప్పగించేద్దామని భర్త అంటున్నారని ఏడ్చారు. ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర చెన్నై చిరునామా తప్ప మరేదీ లేకపోయింది.

ఇట్లు,
ఒక తల్లి,
కావలి, నెల్లూరు జిల్లా